ఇంటిలో ఉన్నప్పుడే ప్రేమ చూపుదము



మన కొండలలో ఎవరికైనా ఆపద వచ్చినదంటే ఊరంతా ఒక్కటవుతుంది. నిండు నెలల స్త్రీకి నొప్పులు మొదలైతే, జీపు రాలేని చోట యువకులు డోలీ కట్టి, రాత్రనక, వాననక, గెడ్డలు దాటించి రోడ్డు వరకు మోసుకొనిపోతారు. దానికి కూలి అడిగేవారు ఉండరు. ఎవరి ఇల్లయినా కాలిపోతే వెదుళ్ళు కొందరు, గడ్డి కొందరు తెచ్చి మళ్ళీ నిలబెడతారు. పాడేరు, హుకుంపేట, డుంబ్రిగుడ, అరకులోయ, అనంతగిరి మండలములలో ఏ మారుమూల ఊరికి వెళ్ళినా ఈ ప్రేమ మనకు కనిపిస్తుంది. దీనినిబట్టి మేము దేవుని ఎన్నోసార్లు స్తుతించాము.

అయితే ఏ ఆపదా లేని మామూలు రోజున మన సంగతి ఏమిటి? పొరుగింటి స్త్రీని డోలీలో కొండ దించిన భుజము, తన భార్య తలమీది బిందెను దించడానికి ఎందుకు లేవదు? సంతలో స్నేహితునికి టీ ఇప్పించే చేయి, ముసలి తల్లికి రెండు బన్నులు కట్టించుకొని ఎందుకు రాదు? మనలో ప్రేమ లేక కాదు. మామూలు రోజున ప్రేమను చూపించే అలవాటు తక్కువ. ఇంటివాళ్ళే కదా, చెప్పకపోతే తెలియదా అనుకుంటాము. కొందరికి సిగ్గు అడ్డము వస్తుంది. బిడ్డను పొగిడితే దిష్టి తగులుతుందని, భార్యను మెచ్చుకుంటే నెత్తికెక్కుతుందని చిన్నప్పుడు విన్న మాటలు మన చెవులలో ఇంకా ఉన్నాయి.

ఇంటిలోనివారికి చూపవలసిన ప్రేమను రేపటికి వాయిదా వేయకూడదు. దానికి డబ్బుకంటె ముందు కావలసినది గమనించే కన్ను. ఈ నెల మన కుటుంబములు కలిసి ఆలోచించవలసిన సంగతి ఇదే.

ఆలస్యముగా వచ్చిన దుప్పట్లు

కొన్ని సంవత్సరముల క్రితము జనవరి నెలలో, మేము సేవచేస్తున్న ప్రాంతములో ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించినది. ఆమె కుమారులు ఇద్దరూ విశాఖపట్నములో కట్టడపు పనులలో ఉన్నారు. కబురు అందగానే పరుగున వచ్చారు. ఆచారము చొప్పున బంధువులు ఒక్కొక్కరు కొత్త దుప్పటి తెచ్చి ఆమె మీద కప్పారు. సమాధి కార్యక్రమమునకు మేము నిలబడే సమయానికి ఏడు దుప్పట్లు అయ్యాయి. ఆ ఇంటిలోనే ఒక మూల, ఆమె ఎన్నో చలికాలములు కప్పుకొన్న దుప్పటి మడతపెట్టి ఉన్నది. దానికి మూడు చోట్ల అతుకులు ఉన్నాయి.

ప్రక్కింటి స్త్రీ ఒకామె మెల్లగా మాతో, "ఇందులో ఒక్కటి మొన్న చలికి వచ్చుంటే, ముసలమ్మ రాత్రుళ్ళు నిద్రపోయుండేది అయ్యగారూ" అన్నది.

తరువాత జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. షామియానా వేశారు, మాంసముతో భోజనములు పెట్టారు, తల్లి ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ అప్పు తీరడానికి రెండు కాఫీ పంటలు పట్టినవి.

ఆ కుమారులు చెడ్డవారు కారు. తల్లిమీద ప్రేమ ఉన్నది గనుకనే అంత చేశారు. వారి కన్నీళ్ళు నిజమైనవి. వారి ప్రేమ ఒక్క చలికాలము ముందుగా ఇల్లు చేరి ఉంటే, ఖర్చు తక్కువ అయ్యేది, ఆ తల్లి తన చేతులతో దానిని అందుకొనేది. మన సంఘములలో ఇటువంటి ఇల్లు ఇది ఒక్కటే కాదని మీకూ తెలుసు.

ముందుగా చేరిన అత్తరు

సువార్తలలో ఇందుకు సరిపడే రెండు సంగతులు ఉన్నాయి. వాటిని ప్రక్క ప్రక్కన పెట్టి చదవండి.

మార్కు సువార్త 14వ అధ్యాయములో, బేతనియలో ప్రభువు భోజనమునకు కూర్చుండగా ఒక స్త్రీ విలువైన అత్తరుబుడ్డి పగులగొట్టి ఆయన తలమీద పోసినది. అక్కడివారు సణిగారు. దాని ఖరీదు 300 దేనారములకు పైమాటేనని లెక్కకట్టారు. ప్రభువు మాత్రము ఆమెను సమర్థించాడు. తనకు శక్తి ఉన్నంత మట్టుకు ఆమె చేసినదని, తన సమాధికొరకు చేయవలసిన పనిని ముందుగానే చేసినదని చెప్పాడు.

అదే సువార్త 16వ అధ్యాయములో మగ్దలేనే మరియ, యాకోబు తల్లియైన మరియ, సలోమే సుగంధద్రవ్యములు కొని ఆదివారము తెల్లవారగానే సమాధియొద్దకు వెళ్ళారు. వారి ప్రేమలో ఏ లోపమూ లేదు. గలిలయలో ఆయన ఉన్న దినములలోనే ఆయనను వెంబడించి పరిచారము చేసినవారు వారు. అయినా వారి చేతిలోని సుగంధద్రవ్యములు ఆయన శరీరమునకు చేరలేదు. ఆయన లేచియున్నాడు, సమాధి ఖాళీగా ఉన్నది. వారికి అది మహా సంతోషమైన ఆలస్యము. మన విషయములో అలాగు కాదు. పునరుత్థాన దినమున మన ప్రియులను మరల చూస్తామన్న నిరీక్షణ మనకు ఉన్నది. అయితే చలికి దుప్పటి కప్పే అవకాశము ఈ లోకములో ఉన్నంతవరకే.

బేతనియ స్త్రీ అత్తరు ఆయనకు చేరినది. ఆయన దాని వాసన చూశాడు, ఆమెను చూశాడు, ఆమె పక్షముగా మాటలాడాడు. బ్రతికి ఉండగా చూపిన ప్రేమకు ఉన్న భాగ్యము అది.

మనకు 300 దేనారముల అత్తరు లేదు. శక్తి ఉన్నంత మట్టుకు అన్న మాట మనకు చాలు. మన కొండ ఇళ్ళలో శక్తి ఉన్నంత మట్టుకు చేయగలిగినవి ఏమిటో చూద్దాము.

పొయ్యి ముట్టించిన చేతులు

డిసెంబరు, జనవరి నెలలలో చింతపల్లి, లంబసింగి, అరకు వైపు తెల్లవారుజాము చలి ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర లేదు. ఆ చలిలో అందరికంటె ముందు లేచేది ఇంటి ఇల్లాలు. బూడిద తీసి, తడి కట్టెలతో పొగలో కండ్లు నలుపుకుంటూ పొయ్యి ముట్టించేది ఆమె. గెడ్డకు వెళ్ళి నీళ్ళు తెచ్చేది ఆమె. అంబలి కాచి అందరికీ పోసి, చివర మిగిలినది త్రాగేదీ ఆమే.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నాడు. చదువు లేదు. ఆయన ప్రతి చలికాలము భార్యకంటె ముందు లేచి పొయ్యి ముట్టించి, ఆమెకు ముఖము కడుగుకోవడానికి నీళ్ళు వేడిచేస్తాడు. యువకులు నవ్వేవారు. "ఏటి తాతా, ఆడోళ్ళ పని నువ్వు చేస్తున్నావు?" అని ఒకడు అడిగాడు. ఆయన కోప్పడలేదు. "నలభై ఏళ్ళు నా పోడులో కలుపు తీసింది రా. ఒక్క పొయ్యి ముట్టిస్తే నా సొమ్మేటి పోయింది?" అన్నాడు. అడిగిన యువకునికి తరువాత పెండ్లి అయినది. ఇప్పుడు అతని ఇంటిలో పొయ్యి ఎవరు ముట్టిస్తున్నారో మేము అడగలేదు గాని, నవ్వడము మాత్రము మానివేశాడు.

పురుషునికి ఇది చిన్నతనము అనుకొనేవారు యోహాను సువార్త 21వ అధ్యాయము చదవాలి. తిరిగి లేచిన ప్రభువు, మరణమును జయించినవాడు, తిబెరియ సముద్రపు ఒడ్డున శిష్యులకొరకు ఏమి సిద్ధము చేశాడు? రాత్రంతా వలలు వేసి, తడిసి, అలసి వచ్చినవారికి నిప్పులు రాజేసి, వాటిమీద చేప పెట్టి, రొట్టె సిద్ధపరచాడు. ముందు తినమని పిలిచాడు. పేతురుతో మాటలాడవలసిన పెద్ద సంగతులు ఆయనకు ఉన్నాయి. వాటిని భోజనమైన తరువాత మాటలాడాడు. మహిమగల ప్రభువు పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు మనకు సిగ్గు ఎందుకు?

కొంగున దాచిన పేలాలు

ఇప్పుడు అన్నము సంగతి చూద్దాము. రూతు గ్రంథము 2వ అధ్యాయములో, బోయజు పొలములో పరిగె ఏరుతున్న రూతుకు మధ్యాహ్నము పేలాలు దొరికినవి. ఆమె తృప్తిగా తిన్నది. తరువాత కొంత మిగిల్చి దాచుకున్నది. సాయంకాలము ఇంటికి వెళ్ళి, ఏరిన యవలతోబాటు ఆ మిగిల్చినది తీసి అత్తకు ఇచ్చినది. యవలు అయితే ఇంటికి వచ్చిన ఆహారము. ఈ గుప్పెడు పేలాలు వేరు. తాను తింటూ ఉండగా అత్త గుర్తుకు వచ్చినదని అవి చెప్పినవి. నయోమి ఇద్దరు కుమారులను పోగొట్టుకొని, తన జీవితము చేదైపోయినదని ఊరివారితో చెప్పుకొన్న స్త్రీ. ఆమెను ఓదార్చడానికి రూతు పెద్ద ఉపన్యాసమేమీ చేయలేదు.

మన ప్రాంతములో అత్తా కోడళ్ళు ఇద్దరూ కూలికి వెళ్ళే ఇళ్ళు ఎన్నో. అడ్డాకులు కోయడము, కొండచీపుర్లు కట్టడము, చింతపండు ఒలవడము, నవంబరు వచ్చినదంటే కాఫీ పండ్లు కోయడము. పండినవి మాత్రమే ఏరి కోయాలి గనుక ఒకే మొక్క దగ్గరకు పలుమార్లు వెళ్ళవలసి ఉంటుంది. సిల్వర్ ఓక్ నీడలో, మంచులో తడిసిన ఆకుల మధ్య, బుట్ట నడుముకు కట్టుకొని ఆ పని ఎక్కువగా చేసేది మన తల్లులు, అక్కలు.

మన కాఫీకి ఎంత పేరు వచ్చినదో చూడండి. 2017లో పారిస్ నగరములో అరకు కాఫీ పేరుతో దుకాణము తెరిచారు. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జి-20 సమావేశమునకు వచ్చిన దేశాధినేతలకు భారత ప్రభుత్వము ఇచ్చిన కానుకలలో అరకు కాఫీ కూడా ఉన్నది. ఇది మనకు సంతోషము, గౌరవము. అయితే ఆ పండ్లు కోసిన తల్లికి ఆ కాఫీ ఒక్క గ్లాసు కాచి ఇచ్చినది ఎవరు? మన ఇళ్ళలో చాలాచోట్ల గింజలు ఎండబెట్టి అమ్మివేస్తాము, మనము అంబలి త్రాగుతాము. దేశాధినేతలకు ఇవ్వదగిన కానుక మన పెరటిలో ఉన్నది. ఈ సంవత్సరము అమ్మకానికి ముందు ఒక దోసెడు గింజలు ఇంటికని తీసి పెట్టండి. పెనముమీద వేయించి, రోటిలో దంచి, బెల్లము వేసి కాచి, కోత ముగిసిన సాయంకాలము మొదటి గ్లాసు కోసినవారి చేతికి ఇవ్వండి.

కొత్త కొర్రలు, కొత్త సామలు, మొదటి మామిడికాయ ఇంటికి వచ్చినప్పుడు కలిసి కూర్చుండి తినడము మన కొండలలో పాత అలవాటు. విశ్వాసులము మనము ప్రథమఫలములను కోతపండుగలో దేవుని సన్నిధికి తెస్తాము. అది చేసిన తరువాత, ఇంటిలో మొదటి ముద్ద పెద్దవారికి, రెండవది ఆ చేనిలో కలుపు తీసినవారికి పెట్టండి. పెట్టేటప్పుడు, "ఇది నీ కష్టము" అని ఒక్క మాట చెప్పండి. దిష్టి భయము మనకు అక్కర లేదు. మెచ్చుకోలు మాట బిడ్డకు కీడు చేయదు, ఎండకు వాడిన నారుకు వాన చినుకువలె పని చేస్తుంది.

వెదురు బద్దతో సంతకు

మన బిడ్డలలో చాలామంది ఆశ్రమ పాఠశాలలలో ఉన్నారు. దసరాకు, సంక్రాంతికి, వేసవికి మాత్రమే ఇంటికి వస్తారు. ఏడెనిమిది ఏండ్ల వయస్సులో వెళ్ళిన బిడ్డ పదవ తరగతి ముగిసేవరకు సంవత్సరములో ఎక్కువ భాగము మన కంటికి దూరమే. చదువు కావాలి, దానిని కాదనలేము. అయితే దూరమైన బిడ్డకు ఇంటిలో తన చోటు అలాగే ఉన్నదని తెలియాలి.

హన్నా కూడా అటువంటి తల్లియే. 1 సమూయేలు 1, 2 అధ్యాయములలో ఆమె చిన్న బిడ్డను షిలోహులో దేవుని మందిరమునకు అప్పగించి వచ్చినది. ప్రతి సంవత్సరము బలి అర్పించడానికి భర్తతో వెళ్ళేటప్పుడు, ఆ బిడ్డకు ఒక చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్ళేది. ఎదుగుతున్న బిడ్డ కంటిముందు లేడు. ఈ ఏడు ఎంత పొడవు అయి ఉంటాడో, భుజములు ఎంత వెడల్పు అయి ఉంటాయో తలచుకుంటూనే ఆమె కుట్టి ఉండాలి. కుట్టిన ప్రతి కుట్టులో ఆ బిడ్డ గుర్తుకు వచ్చి ఉంటాడు.

మాకు తెలిసిన ఒక తండ్రి ఉన్నాడు. కూతురు హాస్టలులో చదువుకుంటున్నది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమెను గుంజ ప్రక్కన నిలబెట్టి, ఆమె ఎత్తుకు సరిగా ఒక వెదురు బద్ద కోసి చూరులో దోపుతాడు. తరువాత సంతలో గౌను కొనడానికి ఆ బద్ద పట్టుకొని వెళ్తాడు. నాలుగు నెలలు గడిచినవి గనుక నాలుగు వ్రేళ్ళు ఎక్కువ కలిపి కొంటాడట! బట్టల దుకాణమువాడు మొదట నవ్వాడు. ఇప్పుడు ఆయన కనిపించగానే, "బద్ద తెచ్చావా బావా?" అని తానే అడుగుతున్నాడు. చూరులో ఇప్పుడు తొమ్మిది బద్దలు ఉన్నాయి. ఆ అమ్మాయి ఇంటికి వచ్చిన ప్రతిసారీ వాటిని వరుసగా నిలబెట్టి చూసుకుంటుంది. తాను లేనప్పుడు కూడా నాన్న తనను కొలుస్తున్నాడని ఆమెకు తెలుసు.

ఆ తండ్రికి ఖర్చు ఎంత? గౌను ఎలాగూ కొనవలసినదే. బద్ద అడవిలో దొరికినదే. కలిసినది శ్రద్ధ మాత్రమే.

బిడ్డను చూడటానికి వెళ్ళినప్పుడు బేకరీ పొట్లముకంటె ఇంటిలో చేసిన రెండు చోడిపిండి ఉండలు, పెరటి చెట్టు పనసతొనలు నాలుగు పట్టుకొని వెళ్ళండి. మేక ఈనినదని, చెల్లెలికి పన్ను ఊడినదని, వాన గాలికి పనసచెట్టు కొమ్మ విరిగినదని చెప్పండి. మార్కులు ఎన్ని వచ్చినవని అడగటము ఆ తరువాత.

జనవరి 1న పుట్టిన పెద్దలు

ఇప్పుడు పట్టణములను చూచి మన ఊళ్ళలోకి కూడా పుట్టినరోజు కేకులు, ఫ్లెక్సీలు వచ్చినవి. బిడ్డ పుట్టినరోజున కృతజ్ఞత చెల్లించడము మంచిదే. అయితే మన పెద్దలలో అనేకులకు పుట్టినరోజు ఏదో తెలియదు. ఆధార్ కార్డు తీసి చూస్తే ఎంతోమందికి జనవరి 1 అని పడి ఉంటుంది. వ్రాసేవారు ఏదో ఒక తేదీ వేయాలి గనుక అది వేశారు. "ఎప్పుడు పుట్టావు అవ్వా?" అని అడిగితే, "కొండలో రైలుదారి వేసేటప్పుడు, తూటాలు పేలుతుంటే మా అమ్మ నన్ను చంకన వేసుకొని పరుగెత్తేదట" అని చెబుతుంది. కొత్తవలస నుండి కిరండూలు వరకు మన కొండలను తొలిచి ఆ దారి వేసినది 1960వ దశకములో. అంటే ఆ అవ్వ వయస్సు మనకు తెలిసిపోయినట్లే.

మా సంఘములో దీనిని ఒక సంతోషముగా మార్చుకున్నాము. జనవరి 1న నూతన సంవత్సర ఆరాధనలో, కార్డులో ఆ తేదీ పడినవారినందరినీ ముందుకు పిలుస్తాము. మొదటిసారి పిలిచినప్పుడు పదకొండుమంది లేచారు. మనుమలు, మనుమరాండ్రు అడవిపూలు తెచ్చి చేతికి ఇచ్చారు. ప్రతి ఒక్కరూ తమ చిన్నతనములోనిది ఒక సంగతి చెప్పారు. ఒక తాత, తన పుట్టుకను ఎవరైనా అడగడము ఇదే మొదటిసారి అని చెప్పి కూర్చుండిపోయాడు. ఆ తరువాత కేకు లేదు, బెల్లము టీ మాత్రమే. ఆ పదకొండుమందిలో నలుగురు ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. వారు చెప్పిన సంగతులు మనుమల దగ్గర ఉన్నాయి.

కొనలేని కార్డు

మే నెల రెండవ ఆదివారము అనేక సంఘములు తల్లుల దినము ఆచరిస్తున్నాయి. ఇది అంగడివారు పుట్టించినదని కొందరు అనుకుంటారు. నిజానికి ఇది ఒక సంఘములో మొదలైనది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రములోని గ్రాఫ్టన్ అను ఊరిలో, ఆన్ రీవ్స్ జార్విస్ అను స్త్రీ మెథడిస్టు సంఘములో సండేస్కూలు బోధించేది. తన బిడ్డలలో అనేకులను చిన్న వయస్సులోనే పోగొట్టుకున్న తల్లి ఆమె. ఇతర తల్లుల బిడ్డలైనా బ్రతకాలని 1858లో తల్లుల సమాజములు ఏర్పరచి పరిశుభ్రతను గూర్చి, రోగుల సేవను గూర్చి నేర్పించినది. ఆమె 1905లో మరణించినది. ఆమె కుమార్తె అన్నా జార్విస్ ప్రయత్నము వలన 1908 మే 10న అదే సంఘములో తల్లులకొరకు ఆరాధన జరిగినది. అన్నా 500 తెల్లని కార్నేషను పూలు పంపించినది. 1914లో అధ్యక్షుడు విల్సన్ ఆ దినమును దేశమంతటికీ ప్రకటించాడు.

తరువాత పూల వ్యాపారులు, కార్డుల వ్యాపారులు, మిఠాయి వ్యాపారులు ఆ దినమును పట్టుకున్నారు. అన్నా వారితో జీవితాంతము పోరాడినది. తల్లికి చేతితో ఉత్తరము వ్రాయడానికి బదులు అచ్చువేసిన కార్డు కొని పంపడము ఆమెకు నచ్చలేదు. 1948లో ఒక ఆరోగ్యశాలలో ఆమె చనిపోయినది. తాను మొదలుపెట్టిన దినము తన చేయి దాటిపోవడము ఆమె కండ్లార చూసినది.

మనకు ఇందులో హెచ్చరిక ఉన్నది. మే నెలలో మన ఆశ్రమ పాఠశాలల బిడ్డలు ఇంటిలోనే ఉంటారు. ఆ నెలలోనే ఊటలు తగ్గి, గెడ్డలు సన్నబడి, తల్లులు నీళ్ళకోసము అన్ని నెలలకంటె ఎక్కువ దూరము నడుస్తారు. ఆ ఆదివారము సెల్‌ఫోనులో తల్లి ఫొటో పెట్టి, పువ్వుల బొమ్మలు అతికించి స్టేటస్ పెట్టడము కంటె, కొడుకు తెల్లవారుజామున లేచి రెండు బిందెల నీళ్ళు తెచ్చి పెడితే ఆ తల్లి ఎక్కువ సంతోషిస్తుంది. ఆ కార్డు ఏ అంగడిలోనూ దొరకదు.

కానుక పళ్ళెమునకు ముందు

సేవకులముగా మేము ఒక మాట చెప్పవలసి ఉన్నది. మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొందరిని గట్టిగా గద్దించాడు. తల్లిదండ్రులకు చేయవలసిన సహాయమును కొర్బాను అని, అంటే దేవునికి అర్పితమని చెప్పి, వారికి ఏమియు చేయకుండ తప్పించుకొనేవారు ఉన్నారు. దేవుని పేరు చెప్పినా ఆయన దానిని ఒప్పుకోలేదు. దేవుని ఆజ్ఞను నిరర్థకము చేస్తున్నారని అన్నాడు.

కాబట్టి కాఫీ డబ్బు, మిరియాల డబ్బు చేతికి వచ్చిన దినమున, దశమభాగము తీసేటప్పుడే తల్లిదండ్రులను కూడా గుర్తుచేసుకొనండి. తల్లి మందులు లేక ఉండగా మందిరములో ఫ్యాను మీద మన పేరు వ్రాయించుకోవడము దేవునికి ఘనత కాదు. సంత దినమున సగము కూలి జీలుగు కల్లుకు, సారాకు పోయి, ఇంటికి ఖాళీ సంచి వచ్చే కుటుంబములు ఇంకా ఉన్నాయి. ఆ దారిలో ఉన్న సహోదరుని మేము తీర్పు తీర్చము. ఒక్క సంత దినమున ముందుగా ఇంటికి కొనవలసినది కొని, ఆ సంచి భార్య చేతికి ఇచ్చి చూడుమని మాత్రము ప్రేమతో బ్రతిమాలుతున్నాము. ఆ సాయంకాలము ఇంటిలో ముఖములు ఎలా ఉంటాయో నీవే చూస్తావు.

ఈ నెల మనము చేయదగినవి

కుటుంబ ప్రార్థనలో ఈ క్రింది వాటిని చదివి, ఎవరికి ఏది తగునో నిర్ణయించుకొనండి.

1. వారములో ఒక్క దినమైనా ఇంటి ఇల్లాలిని ముందు కూర్చుండబెట్టి, వేడిగా ఉండగానే వడ్డించండి. ఆమెకు మిగిలినది పెట్టకండి.

2. ప్రార్థనలో ఇంటివారి పేర్లు ఎత్తేటప్పుడు, ఒక్కొక్కరు ఆ దినము చేసిన ఒక మంచి పనిని చెప్పి దేవునికి కృతజ్ఞత చెల్లించండి. చిన్న బిడ్డ కోళ్ళను గూటిలో వేసినా అది చెప్పదగినదే.

3. దూరములో పనికి వెళ్ళిన కుమారులారా, వారమునకు ఒక సమయము నిర్ణయించుకొని ఫోను చేయండి. మీ తల్లి సిగ్నలు కోసము గుట్ట ఎక్కి ఎదురుచూస్తుంది. చెప్పిన వేళకు చేయడమే ఆమెకు గౌరవము.

4. హాస్టలులో బిడ్డ ఉన్నవారు, చదువు వచ్చిన పొరుగువారిచేత వ్రాయించి అయినా, నెలకు ఒక ఉత్తరము పంపండి. ఫోనులో మాట పోతుంది, ఉత్తరము పెట్టెలో ఉంటుంది.

5. పెద్దల దగ్గర అరగంట కూర్చుండి, వారి పెండ్లినాటి సంగతి, మొదట సువార్త విన్న సంగతి అడగండి. మధ్యలో లేవకండి.

6. చలికాలము రాకముందే ఇంటిలోని దుప్పట్లు విప్పి చూడండి. చినిగినది ఎవరిదో గమనించండి.

7. మాట పట్టింపుతో దూరమైన అన్నదమ్ములు ఉంటే, పెరటిలో పండిన మొదటి సొరకాయ వారింటికి బిడ్డచేత పంపండి. మాటలు తరువాత వాటంతట అవే వస్తాయి.

వీటిలో ఏదీ గొప్ప కార్యము కాదు. అయినా అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో దొర్కా చనిపోయినప్పుడు, యొప్పేలోని విధవరాండ్రు పేతురుకు చూపించినది ఏమిటి? ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టి ఇచ్చిన అంగీలు, వస్త్రములు. ఏడుస్తూ వాటిని చూపించారు. తాను బ్రతికి ఉండగా చేసినవి వారి ఒంటిమీద ఉన్నాయి.

మన ప్రక్కన ఈ రాత్రి నిద్రించేవారు రేపు ఉదయము కూడా ఉంటారని మనకు వాగ్దానము లేదు. అలాగని భయపడవద్దు. దేవుడు ఈ దినమును మనకు ఇచ్చాడు, వారిని కూడా ఇచ్చాడు. ఈ సాయంకాలము పుస్తకము మూసిన తరువాత, మీ ఇంటిలో అందరికంటె ఎక్కువ అలసినవారు ఎవరో చూచి, వారి చేతిలోని పని మీరు అందుకొనండి. దేవుడు మన కొండలలోని ప్రతి కుటుంబమును ప్రేమతో కట్టి స్థిరపరచును గాక. ఆమేన్.